పొద్దుటి ముఖం

నేను పుట్టకముందే నా ముఖం మా ఇంటి గోడ మీద వేలాడుతూ ఉండేది. నాకు ఏడో ఏడు వచ్చేదాకా ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ ఫొటో మా అక్కది. నేను పుట్టడానికి ముందు ఏడాదే పోయింది. మావాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ అనే టాటానగర్ వచ్చిన కొత్తలో అది బక్కపలచని పిల్లట. గోల్‌మురిలో క్వార్టరు దొరికిన కొన్నాళ్ళకి ముఖం నిండుగా వచ్చిందట. ఊరు మారితే పిల్లలు చిక్కిపోతారని భయపడేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? టాటానగర్ నీళ్ళు పిల్లకి ఒంటబట్టాయి అనుకున్నారు. ఊళ్ళో చుట్టాలకి చూపించుకోవాలని సాక్చీ బజారుకి తీసుకెళ్ళి, స్టూడియోలో నిలబెట్టి ఫొటో తీయించారు. ఒకటి ఊరికి పంపారు, ఒకటి గోడకి తగిలించారు. తరవాత ఆ నిండుదనం పొట్టకి దిగింది, కాళ్ళకి దిగింది. ఊరు తీసుకెళ్ళి పసరు పోయించారు గాని పిల్ల దక్కలేదు. తిరిగొచ్చి ఫొటోకి బొట్టు పెట్టారు.

అది తప్ప అక్కది ఇంకో ఫొటో లేదు. అందులో దాని కళ్ళు సగమే తెరిచి ఉంటాయి. పై రెప్పలు బరువుగా కిందికి వాలి, బుగ్గలు పైకి వచ్చి, ఆ మధ్య సందులోంచి చూస్తూ ఉంటుంది. ఎక్కణ్ణుంచి చూసినా మనల్నే చూస్తున్నట్టుంటుంది. నేను దాని కిందే కూర్చుని అన్నం తిన్నాను, ఎక్కాలు చదివాను, అలిగి గోడకేసి తిరిగి పడుకున్నాను. అప్పటిదాకా దానితో నాకు ఏ పేచీ లేదు.

డెబ్భైల చివర ఒక ఎండాకాలం పొద్దున్న లేచేసరికి నా కళ్ళు పూర్తిగా విడలేదు. చీమో దోమో కుట్టిందనుకున్నాను. అలాగే తడుముకుంటూ వసారాలోకి వచ్చాను. నాయనమ్మ చెంబుతో నీళ్ళు తెస్తోంది. నన్ను చూసి ఆగిపోయింది. చెంబు జారి పడింది గాని వంగి తియ్యలేదు. నా వైపు చూసింది, గదిలో గోడ వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. తరవాత చాలా మెల్లగా, నాతో ఎప్పుడూ మాట్లాడని గొంతుతో అడిగింది.

"ఎప్పుడొచ్చినావే, పెద్దగుంటా?"

మా ఇంట్లో పెద్దగుంట అంటే అక్క. నేను చిన్నగుంటని. ఆవిడ ఎవర్ని పలకరించిందో నాకు వెంటనే అర్థమైంది. ఆ క్షణంలో పుట్టిన భయం మామూలుది కాదు. నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

మధ్యాహ్నానికి కళ్ళు విడ్డాయి. సాయంత్రం అయ్యేసరికి బుగ్గలు కూడా తగ్గి నా ముఖం నాకు వచ్చింది. కాళ్ళు మాత్రం బరువెక్కాయి, చెప్పుల పట్టీల అచ్చులు పాదాల మీద పడ్డాయి. అవి ఎవరూ చూడలేదు. అందరూ చూస్తున్నది ముఖాన్నే. నాయనమ్మ దీపం పెడుతూ నా గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసి, "ఎల్లిపోనాది," అంది.

మర్నాడు పొద్దున్న అది మళ్ళీ వచ్చింది.

ఇప్పుడు ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. ఒంట్లో నీరు నిలిచిపోయిన పిల్ల రాత్రంతా పడుకుంటే ఆ నీరు ముఖానికి చేరుతుంది. పగలంతా తిరిగితే కాళ్ళకి దిగుతుంది. ఆ మాట చెప్పేవాళ్ళు మా ఇంట్లో ఎవరున్నారు? మాకు తెలిసినదల్లా పొద్దున్న ఒక పిల్ల, సాయంత్రం ఒక పిల్ల. పక్క క్వార్టరు ఆవిడ నా బుగ్గ గిల్లి, పిల్ల బాగా ఒళ్ళు చేసిందని హిందీలో మెచ్చుకుంది. అమ్మ ముఖం పాలిపోయింది. అదే మెప్పు అమ్మ ఇదివరకు అక్క విషయంలో విని ఉంది.

నాయనమ్మ తనకి తోచిన వైద్యం మొదలుపెట్టింది. పోయిన పిల్ల తిరిగొచ్చిందంటే ఏదో తీరక వచ్చింది, అది తీర్చి పంపాలి అని ఆవిడ లెక్క. అక్కకి చద్దన్నంలో ఉప్పు చేప నంజుకోవడమంటే ప్రాణమట. టాటానగర్ స్టేషన్లో దిగే మావాళ్ళు ఊరి నుంచి ఎండు నెత్తళ్ళు మూటలు కట్టుకుని తెచ్చేవారు. వాటిని వేయించి, చద్దన్నంలో ఉప్పు రాయి నలిపి, పొద్దున్నే నా ముందు పెట్టేది. పెట్టి దూరంగా కూర్చునేది.

"తిను తల్లీ. తినీసి నీ దారిన నువ్వెల్లిపో. సిన్నదాన్నొగ్గీ."

నాకు ఆకలి ఉండేది కాదు. అయినా తినేదాన్ని, తింటేనే అది వెళ్తుందని. తింటున్నది నేనో అదో కూడా నాకు తేలేది కాదు. పైగా ఎవరి పేరు మీద పెట్టినా ఉప్పు చేప ఉప్పు చేపే, రుచిగానే ఉండేది.

నాన్నకి దయ్యాల మీద నమ్మకం లేదు. ఆయనది ఉక్కు కార్ఖానాలో ఫర్నేసు దగ్గర పని. ఆయన నమ్మింది వేడిని. అంత ఎండల్లో నేను ఒంటికి పోవడం బాగా తగ్గిపోయిందని అమ్మ చెబితే, వేడి చేసిందన్నాడు. కార్ఖానాలో వేసవిలో ఫర్నేసు వాళ్ళకి ఉప్పు బిళ్ళలు ఇచ్చేవారు, చెమటలో పోయిన ఉప్పు తిరిగి రావాలని. అవి మింగకపోతే ఎంతటి మొనగాడైనా కళ్ళు తిరిగి పడిపోవడం ఆయన చూశాడు. అందుకని తన బిళ్ళలు దాచి, షిఫ్టు దిగి సైకిలు మీద వస్తూ జేబులో వేసుకుని తెచ్చి నాచేత మింగించేవాడు.

"ఇది మింగితే ఇనపోళ్ళవుతారే. నీకేటి?" అనేవాడు.

ఒకరు దయ్యానికి పెట్టారు, ఒకరు ఎండకి పెట్టారు. ఇద్దరూ ప్రేమగా పెట్టింది ఉప్పే. ఒంట్లోంచి నీరు పోవడం మానేసిన పిల్లకి అంతకంటే చెడ్డ తిండి ఉండదని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? రోజు రోజుకీ పొద్దుటి ముఖం ఇంకా నిండుగా వచ్చేది, ఇంకా ఆలస్యంగా వెళ్ళేది. నేను ఒంటికి పోసినచోట సబ్బు నీళ్ళలా నురగ వచ్చి అలాగే నిలబడిపోయేది. నాకది సరదాగా ఉండి చూస్తూ కూర్చునేదాన్ని. దాని గురించి నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. భాలుబాసాలో ఒక కాంపౌండరు కడుపులో పురుగులన్నాడు. పురుగుల మందు తాగాను. పొట్ట ఇంకా పెరిగింది.

నన్ను నేను కాపాడుకోవడానికి నాకు ఒక ఉపాయం తోచింది. అక్కకి హిందీ రాదు. వచ్చి ఎన్నాళ్ళో కాకుండానే పోయింది, మా ఊరి తెలుగు తప్ప ఇంకో మాట నేర్చుకోలేదు. నాకు వీధిలోనూ బళ్ళోనూ అంతా హిందీయే. అందుకని పొద్దున్న లేవగానే, కళ్ళు తెరుచుకోకముందే, పక్క మీంచి గట్టిగా హిందీలో అరిచేదాన్ని.

"మై హూ, దాదీ. మై హూ."

నేనే, నేనే అని. నాయనమ్మ మామూలుగా నా హిందీకి మండిపడేది, ఇంట్లో ఆ తురక మాటలేమిటనేది. ఆ రోజుల్లో మాత్రం వంటగదిలోంచి ఊపిరి వదలడం వినిపించేది. ముఖం దానిది, మాట మాత్రం నాది. అలా సగం సగం పంచుకుని ఎన్నాళ్ళో గడిపాం.

ఒకరోజు జ్వరం వచ్చింది. పొట్ట బిగిసిపోయి గవున్ పట్టలేదు, అమ్మ చీర ముక్క చుట్టింది. ఆ రోజు మధ్యాహ్నమైనా నా కళ్ళు విడలేదు, సాయంత్రమైనా విడలేదు. బయట వడగాలి తలుపుల్ని కొడుతోంది. రెప్పల సందులోంచి నాకు గోడ మీది ఫొటో ఒక్కటే కనిపిస్తోంది, ఇంకేమీ కనిపించడం లేదు. అది నన్ను చూస్తున్నట్టుందో, నేనే అక్కణ్ణుంచి మంచం మీద పిల్లని చూస్తున్నానో తెలియని స్థితి. నోరు పిడచగట్టుకుపోయి ఏదో అన్నాను. నేను ఏమన్నానో నాకు తెలియదు, తరవాత అమ్మ చెప్పింది.

"నీల్లు," అన్నానట. "అమ్మా, నీల్లియ్యీ."

నాయనమ్మ నేల మీద కూలబడిపోయింది. "మాటా దానిదే వచ్చీసినాదే కోడలా. ఇంక మనది నేదు," అని ఏడవడం మొదలుపెట్టింది.

అమ్మ ఏడవలేదు. నన్ను భుజానికెత్తుకుంది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన నాన్నని బట్టలు కూడా మార్చుకోనివ్వకుండా రిక్షా పిలవమంది.

"ఎవుత్తెనా సరే. పెద్దదైనా సిన్నదైనా నా గుంటే కదా. ఈసారి పసరూ నేదు, ఊరూ నేదు. పెద్దాసుపత్రికి పద."



పిల్లల వార్డు గుమ్మంలో అమ్మ ఆగిపోయింది. లోపలికి అడుగు వెయ్యలేదు. భుజం మీంచి నేనూ సందు కళ్ళతో చూశాను. కిటికీ వైపు వరసలో ఒక మంచం మీద అక్క కూర్చుని ఉంది. పక్క మంచం మీద కూడా అక్కే పడుకుని ఉంది. దాని పక్కన మగపిల్లాడి చొక్కా వేసుకుని అక్కే గోడకి ఆనుకుని ఉంది. అవే వాలిన రెప్పలు, అవే బుగ్గలు, ఆ మధ్యనున్న అదే సందు. ఒకడు ఒడియాలో వాళ్ళమ్మని ఏదో అడుగుతున్నాడు. ఒక పిల్ల సంతాలీలో సణుగుతోంది. అందరికీ మా గోడ మీది ముఖమే. అందరూ ఒక్కసారి తలలు తిప్పి, కొత్తగా వచ్చిన మావైపు చూశారు.

అమ్మ "ఈళ్ళందరికీ మన పెద్దగుంట మొగమేటి?" అని నాన్నని అడిగింది.

డాక్టరమ్మ నడివయసు మనిషి. అమ్మ ఏమడుగుతోందో నాన్న హిందీలో చెప్పాడు, చెప్పడానికి సిగ్గుపడుతూ. ఆవిడ నవ్వలేదు. ఈ వాపు వస్తే ఏ దేశపు పిల్లలైనా ఒక్కలాగే కనిపిస్తారు, ఆ ముఖం పిల్లలది కాదు, జబ్బుది అంది. మూత్రపిండాలు జల్లెడలాంటివనీ, పిల్లలకి ఒక్కోసారి ఆ జల్లెడ కన్నాలు వదులైపోయి, ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తులు మూత్రంలో కారిపోతాయనీ, నురగ దానివల్లేననీ, అవి పోతే నీరు నిలిచిపోతుందనీ చెప్పింది. నేనేం తింటున్నానో అడిగింది. నాన్న ఉప్పు బిళ్ళల సంగతి చెప్పి తలొంచుకున్నాడు. అమ్మ ఉప్పు చేప సంగతి చెప్పింది, నాయనమ్మ అది ఎవరికోసం పెట్టిందో మాత్రం చెప్పలేదు.

తరవాత అమ్మ అక్క గురించి అడిగింది. డాక్టరమ్మ ఒక్కొక్కటే వాకబు చేసింది. పొద్దున్న ముఖం, సాయంత్రం కాళ్ళు ఉబ్బేవా? మూత్రం తగ్గిందా? నురగ వచ్చేదా? పొట్ట పెరిగి, చివర్లో జ్వరం వచ్చిందా? అన్నిటికీ అమ్మ తలూపింది. ఇప్పుడు చెప్పలేం గాని, ఇదే అయ్యుండొచ్చంది డాక్టరమ్మ. దీనికి మాత్రలున్నాయి, ఎక్కువమంది పిల్లలు కోలుకుంటారు, ఈ పిల్ల కూడా కోలుకుంటుందని నమ్మకంగా ఉందంది.

"అప్పుడూ ఉన్నాదా, ఆ మందు?" అని అమ్మ తెలుగులోనే అడిగేసింది. నాన్న హిందీలో చెప్పాల్సిన పని లేకుండానే ఆవిడకి అర్థమైనట్టుంది. అమ్మ ముఖంలోకి చూసి, ఉండేదంది.

మాత్రలు మొదలయ్యాక నా ఒంట్లో నిలిచిన నీరు తగ్గుతూ వచ్చింది. ఇంటికి పంపేముందు డాక్టరమ్మ అమ్మకి ఒక పని నేర్పింది. రోజూ పొద్దున్న నా మూత్రం గాజు గొట్టంలో పట్టి, పైభాగాన్ని మంట మీద మరిగించి, రెండు చుక్కలు వెనిగర్ వెయ్యాలి. తేటగా ఉంటే మంచిది. తెల్లగా విరిగితే జల్లెడ మళ్ళీ కారుతున్నట్టు. జలుబు చేసినా జ్వరమొచ్చినా మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. తగ్గిందనిపించినా, పెరిగిందనిపించినా మాత్రలు మాత్రం తనకి చెప్పకుండా ఆపకూడదు, ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

చదువుకోని అమ్మ ఆ గొట్టాన్ని బట్టలారేసే చెక్క క్లిప్పుతో పట్టుకుని, కిరసనాయిలు స్టవ్ దగ్గర కూర్చునేది. మొదటి రోజుల్లో తేట నీళ్ళలాంటి దాంట్లో, మంట తగలగానే ఎక్కణ్ణుంచో తెల్లటి పొర పుట్టేది. కదిలేది, కిందికి దిగేది. వంటగది గుమ్మంలో నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసేది.

"అదేటి, అదేనా వచ్చినాది?"

"అది కాదత్తా. దీని ఒంట్లో సత్తువ బయటికొచ్చేత్తన్నాది."

కొన్నాళ్ళకి ఆ తెలుపు పలచబడింది. ఒక పొద్దున్న ఎంత మరిగించినా ఏమీ రాలేదు. అమ్మ గొట్టాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూసింది. అందులోంచి అవతలి వీధి, సైకిళ్ళు, అన్నీ కుడివి ఎడమకి మారి కనిపించాయి. మా ఇంటికి ఇంక కష్టం తీరిందనుకున్నాను.

అక్కడే అసలు కష్టం మొదలైంది. గొట్టం తేటపడింది గాని నా ముఖం నాకు రాలేదు. కాళ్ళ వాపు లేదు, పొట్ట తగ్గింది, ముఖం మాత్రం గుండ్రంగా ఉబ్బి, బుగ్గలు కళ్ళ మీదికి వచ్చేశాయి. ఇదివరకు సాయంత్రానికైనా వెళ్ళేది, ఇప్పుడు రోజంతా ఉండిపోయింది. ఆకలి కూడా రాక్షసి ఆకలి, ఉప్పులేని చప్పిడి కూడే గిన్నెలకి గిన్నెలు తినేసేదాన్ని. మాత్రల వల్ల అలాగే అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పినా, అద్దంలో చూసుకుంటే నాకే నమ్మకం కలిగేది కాదు. ఒకసారి అద్దం ముందు నిలబడి మెల్లగా తెలుగులో "నువ్వెవరే?" అని అడిగాను. అద్దంలో పెదాలు కదిలాయి. నేను పరుగెత్తుకొచ్చి అమ్మ చీర పట్టుకున్నాను.

నాయనమ్మకి ఇంక సందేహం లేదు. "ఆ మాత్రలే దాన్ని కట్టీసినాయి, సాయంత్రమైనా ఎల్లనేకపోతన్నాది. ఆపీవే కోడలా. నీ కాళ్ళట్టుకుంటాను," అంది. అత్త కోడలి కాళ్ళు పట్టుకుంటాననడం మా ఇళ్ళలో చిన్నమాట కాదు. ఉప్పు బిళ్ళల దెబ్బ తిన్న నాన్న కూడా ఈసారి తల్లివైపే ఊగాడు. "కొన్నాళ్ళు ఆపి సూద్దుమేటి?" అన్నాడు. మాత్రలు మింగాల్సింది నేను. బతకాల్సిందీ నేనే. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

అమ్మ ఒకవైపు నా ముఖాన్ని చూసింది, ఇంకోవైపు క్లిప్పుకి పట్టి ఉన్న గొట్టాన్ని చూసింది. ఆవిడ కూడా భయపడిందని నాకు తెలుసు. రోజూ తల దువ్వేటప్పుడు నన్ను వెనక్కి తిప్పి కూర్చోబెట్టుకునేది, ముఖం కనపడకుండా.

"మొగం ఒకసారి మనల్ని మోసం సేసినాది. దాన్ని సూసి ముచ్చటపడి ఫొటో తీయించినాం. ఇంక నాను మొగాన్ని నమ్మను. ఈ గొట్టం ఏటి సెప్తే అదే," అంది. ఆ రోజు నుంచి మాత్రల సీసా ఇంట్లో పెట్టకుండా రొంటిన దోపుకుంది. నిద్రలో కూడా తీసేది కాదు.

డాక్టరమ్మ చెప్పినట్టు మాత్రలు రోజు విడిచి రోజయ్యాయి, తరవాత ఇంకా తగ్గాయి. వానలు వెళ్ళి చలిగాలి మొదలయ్యేసరికి నా బుగ్గలు జారాయి. ఒకరోజు అమ్మ నన్ను వీధి వెలుగులోకి లాక్కెళ్ళి, గడ్డం పట్టుకుని చూసింది. మెడ సన్నగా, కళ్ళు పెద్దగా, దవడ ఎముకలు కనిపిస్తూ, నేను. అప్పుడు ఏడ్చింది, అన్నాళ్ళుగా దాచుకున్నదంతా.

ఏడుపు తగ్గాక నన్ను ఫొటో కిందికి తీసుకెళ్ళి నిలబెట్టింది. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"అత్తా, పెద్దది ఉబ్బకముందు ఎలాగుండేది?"

నాయనమ్మ నోరు తెరిచింది. కళ్ళు చిట్లించి ఆలోచించింది. ముక్కు అంది, మళ్ళీ కాదంది. నవ్వితే సొట్ట పడేదంది. ఆ సొట్ట దానికి కాదు, ఇంకెవరికో పడేదని నాన్న అన్నాడు. ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. రోజూ బొట్టు పెట్టి చూసుకుంటూ, వాళ్ళకి గుర్తున్నదల్లా ఆ ఫొటోయే. పిల్ల అసలు ముఖం ఎప్పుడు పోయిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అంతకుముందు అది నన్ను తీసుకెళ్తుందని భయపడ్డాను. ఆ పూట మొదటిసారి దానిమీద నాకు జాలి కలిగింది.

ఆ వారమే అమ్మ నన్ను సాక్చీలో అదే స్టూడియోకి తీసుకెళ్ళింది. ఫొటో వచ్చాక గోడ మీద పాతది తీసి, గుడ్డలో చుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టింది. దాని చోట నాది తగిలించింది. అక్క పోయిన తిథి వచ్చిన రోజున, పూజ చేసుకున్న చేత్తోనే తెచ్చి నా ఫొటో మీద ఒక పువ్వు పెట్టింది.

నాయనమ్మ కెవ్వుమంది. "బతికున్న గుంట ఫొటోకి పువ్వేటే? మతి పోనాదా?"

"ఆ పువ్వు దీనికి కాదత్తా," అంది అమ్మ. "దానికింక ఏరే మొగం నేదు."

ఆ తరవాత కూడా జలుబులతో పాటు గొట్టంలో తెలుపు కొన్నిసార్లు వచ్చింది, ప్రతిసారీ మాత్రలు వాడాం, పెద్దమనిషినయ్యే నాటికి అది రావడం మానేసింది. అమ్మ పోయాక గోడ మీది నా ఫొటో నా దగ్గరికి వచ్చింది. తిథినాడు దానిమీద పువ్వు నేనే పెడతాను. చూసినవాళ్ళు అపశకునమంటారు, తీసెయ్యమంటారు. నేను తియ్యను. ఏడేళ్ళ వయసులో అక్క ముఖం నేను కొన్నాళ్ళు వాడుకున్నాను, ఇప్పుడు నా ముఖం అది వాడుకుంటోంది.